మాట వినని మనిషి

2019 డిసెంబరులో ఆసుపత్రి చీటీ మీద ఒక డాక్టరు మాయమ్మ గురించి రెండు ఇంగ్లీషు మాటలు రాశాడు. నాన్ కంప్లయెంట్ అని. మాయమ్మకు చదువు రాదు. ఆయన రాస్తున్నంతసేపూ ఆయన మొహంకేసే చూసి, చీటీ నా చేతికి రాగానే అడిగింది, "ఏం రాశాడమ్మాయ్?" అని. మా ఇంటి మొత్తానికి డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. ఇట్టాంటి కాయితాలు చదివి చెప్పడానికే నన్ను చదివించిందేమో అనిపిస్తుంది ఒక్కోసారి. ఆ రోజు మాత్రం చెప్పలేకపోయాను. "మందులు సరిగ్గా వాడమని రాశాడమ్మా" అన్నాను. అది అబద్ధం. ఆ రెండు మాటలకూ మా ఊళ్ళో అర్థం ఒకటే. ఈమె చెప్పిన మాట వినదు అని.

ఆ మాట మా మాదిగపల్లెకు కొత్తేం కాదు. మాట వినడం లేదనే మా తాతకు ఒక ఏడు కామందు గింజలు కొలవలేదంట. మాట వినడంలేదనే మా నాయన్ని బేరన్ దగ్గర మంటేసే పనిలోంచి తీసేశారు. 1985లో కారంచేడు మాదిగలు చేసిన నేరమైనా ఏమిటి? మంచినీళ్ళ చెరువు దగ్గర ఎదురు చెప్పడమే గదా. అందుకని ఆ చీటీ చదవగానే నాకు జబ్బు సంగతి గుర్తుకు రాలేదు, ఇవన్నీ గుర్తుకొచ్చాయి.

అసలు జరిగిందేమిటో చెప్తాను. అక్టోబరులో మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయనే గొట్టం బిళ్ళలు రాశాడు, పొద్దునొకటి సాయంత్రమొకటి. అవి మింగేవి కావు, చిన్న మిషన్‌లో పెట్టి తిప్పి లోపలి పొడిని నోటితో పీల్చాలి. మందుల షాపువాడు బిళ్ళలిచ్చి, మిషను అయిపోయింది రేపు రమ్మన్నాడు. అది ఎందుకో, ఎట్టా వాడాలో డాక్టరూ చెప్పలేదు, షాపువాడూ చెప్పలేదు. మాయమ్మ ఆ బిళ్ళల్ని రెండు నెలలపాటు నీళ్ళతో మింగింది. ఒక్క పూట తప్పలేదు. నేను అరవై కిలోమీటర్ల అవతల బళ్ళో పనిచేస్తూ రోజూ ఫోన్లో అడిగేదాన్ని, "మందులేసుకుంటన్నావా?" అని. "ఏసుకుంటన్నా" అనేది. నిజమే చెప్పింది. డిసెంబరు చలికి ఆయాసం ముదిరి ఆటోలో తీసుకెళ్తే, గుణం కనబళ్ళేదు కాబట్టి మందు వాడలేదని డాక్టరు తేల్చేశాడు. చెప్పిన మాటను అంత నిష్ఠగా విన్న మనిషిని నేను మళ్ళీ చూళ్ళేదు.

ఈ జబ్బును డాక్టర్లు సీఓపీడీ అంటారు. ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఏళ్ళ తరబడి వాచి ఇరుకవుతాయి, లోపలికి పోయిన గాలి మళ్ళీ బయటికి రాదు. ఒకసారి పాడైంది తిరిగి రాదు. దీనికి వైద్యం ఎట్టా చెయ్యాలో ప్రపంచంలోని డాక్టర్లు కూర్చుని రాసిన గైడ్‌లైన్లున్నాయి. గోల్డ్ అనే సంస్థ 1998లో మొదలై 2001లో మొదటి నివేదిక ఇచ్చింది. మన దేశపు ఛాతీ వైద్యుల సంఘాలు రెండు కలిసి 2013లో మనవాళ్ళకోసం ఒకటి రాశాయి. వాటిని పాటిస్తే మాకు ఒరిగేదెంత, పాటించడానికయ్యే ఖర్చెంత, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది? ఆరేళ్ళుగా నేను ఈ లెక్కలోనే మునిగున్నాను.

మాయమ్మ జన్మలో చుట్ట ముట్టలేదు, బీడీ ముట్టలేదు. అయినా ఆ డిసెంబరు రాత్రి నలుగురడిగారు, "చుట్ట తాగుతావా?" అని. చీటీ రాసే గుమాస్తా, నర్సు, డ్యూటీ డాక్టరు, మళ్ళీ పొద్దున పెద్ద డాక్టరు. నాలుగోసారికి ఆమెకు సిగ్గేసింది, నిజంగానే తాగుతానేమో అన్నట్టు తలొంచుకుంది. మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండే ఊరు. పచ్చాకు కర్రలకు అల్లడం, ఎండాక గ్రేడింగు షెడ్డులో కూచుని ఆకు ఏరడం ముప్పయ్యేళ్ళు చేసింది. షెడ్డులో నుసి ముక్కుల్లోకి పోయి తుమ్మితే గోధుమరంగు చీమిడొచ్చేది. మా నాయన బేరన్ పొయ్యిలో రాత్రంతా కట్టెలెగదోసేవాడు, తెల్లారి ఇంటికొచ్చేసరికి ఈమె ఒంటి గదింట్లో పొయ్యి ముట్టించేది. కంప, పత్తికట్టె, ముసురు రోజుల్లో తడిసిన కట్టె. ఊదుగొట్టం పెట్టి ఊది ఊది కళ్ళు ఎర్రబడేవి. 1999లో దీపం పథకం వచ్చాక ఆలస్యంగానైనా మాకూ ఒక సిలిండరొచ్చింది. అది అయిపోతే మళ్ళీ తెచ్చుకునే డబ్బుల్లేక దానిమీద గోనెసంచి కప్పి బియ్యం డబ్బా పెట్టుకున్నాం. పొగాకు కాల్చింది ఎవరెవరో. ఆ పొగ తాగింది మాత్రం మాయమ్మ.

ఇది మాయమ్మ ఒక్కదాని కథ కూడా కాదు. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం 1990లో మన దేశంలో ఈ జబ్బువాళ్ళు 2 కోట్ల 81 లక్షలు, 2016 నాటికి 5 కోట్ల 53 లక్షలు. జబ్బువల్ల పోయే ఆయుష్షులో, అవస్థలో 53.7 శాతానికి గాలి కాలుష్యం కారణమంట, ఇంట్లో పొయ్యి పొగతో కలిపి. పొగాకు తాగడం 25.4 శాతం, చేసే పని 16.5 శాతం. కానీ ఆసుపత్రి గోడ మీద అట్టలో మొదటి సలహా ఇప్పటికీ సిగరెట్టు మానమనే.

ఇంకో సంగతి తెలిసినప్పుడు నాకు రాత్రి నిద్రపట్టలేదు. పీల్చే మందుల మీద జరిగిన పెద్ద పరీక్షల్లో టార్చ్ అనేది ఒకటి, 2007లో ఫలితాలొచ్చాయి. 6,112 మందిని మూడేళ్ళు చూశారు. మందు వాడినవాళ్ళకు జబ్బు తిరగబెట్టడం నాలుగో వంతు తగ్గింది. న్యుమోనియా మాత్రం పెరిగింది. ప్రాణాలు నిలబెడుతుందా అన్నది నికరంగా తేలలేదు. మరి ఆ పరీక్షలో చేరడానికి అర్హత ఏమిటి? కనీసం రోజుకో పెట్టె చొప్పున పదేళ్ళు సిగరెట్లు తాగిన లెక్క ఉండాలి. అంటే మాయమ్మ వెళ్ళినా గుమ్మంలోనే ఆపేస్తారు. మాకు బావి దగ్గర ప్రవేశం లేదు, గుడిలో లేదు, చివరికి ఇక్కడా లేదు అనుకుని ఏడ్చినంత పని చేశాను. పొయ్యి పొగవల్ల, కాలుష్యంవల్ల వచ్చేదాన్ని వేరే రకంగా పేరుపెట్టి చూడాలని గోల్డ్‌వాళ్ళు 2023 నివేదికలో రాశారు. ఆలస్యమే. కానీ రాశారు.

ఇది విని నా స్నేహితుడొకడు, మా ఉద్యమంలో ఉన్నవాడే, "అవి తెల్లోళ్ళ కాయితాలు, కంపెనీల కాయితాలు. మనకెందుకు?" అన్నాడు. నేనొప్పుకోను. ఎందుకొప్పుకోనో మాయమ్మ మణికట్టు చెప్తుంది.

మాకు పదేళ్ళపాటు డాక్టరంటే మా ఊరి ఆరెంపీనే. రాత్రి ఒంటిగంటకు కబురుపెట్టినా సైకిలు మీద వచ్చేవాడు, తర్వాత మోటారుసైకిలు. ఊరి మధ్య ఇల్లున్న మనిషి మా పల్లెలోకొచ్చి మా మంచం మీద కూచుని మాయమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూసేవాడు. డబ్బు పొగాకు కూలి వచ్చాక ఇచ్చేవాళ్ళం. ఒక ఇంజక్షను, నాలుగు డెరిఫిలిన్ బిళ్ళలు, వాటితో పాటు చిన్న తెల్ల బిళ్ళలు. ఆ తెల్ల బిళ్ళ వేసుకుంటే గంటలో ఊపిరాడేది, ఆకలేసేది, మనిషి నిగారించేది. పనుల కాలమంతా రోజూ ఒకటి వేసుకుని షెడ్డుకు పోయేది. మొహం గుండ్రంగా వచ్చిందని, కూతురు ఉద్యోగం చేస్తే అట్టా ఒళ్ళొస్తుందని పల్లెలో అనుకున్నారు. 2018 సంక్రాంతి ముందు బిందె దించబోయి జారి అరచెయ్యి ఆన్చింది, అంతే, మణికట్టు విరిగింది. ఆ ఏడే షుగరు బయటపడింది. రెంటికీ ఆ బిళ్ళకూ సంబంధముందని మాకెవరికి తెలుసు?

చెప్పిన మనిషి అదే ఆసుపత్రిలో కొత్తగా చేరిన ఒక చిన్న డాక్టరమ్మ. డిసెంబరు గండం గడిచాక 2020 జనవరిలో ఊపిరి ఊదే పరీక్ష ఆమే చేయించింది. మాయమ్మ ఆ గొట్టం చూసి, "ఇదీ ఊదుగొట్టమేగా, నాకు ఇది చేతనవును" అంది. కానీ ఒక సెకండులో ఊదగలిగింది తన ఈడు, తన ఎత్తు మనిషి ఊదాల్సిన దాంట్లో 41 శాతమే. అప్పుడు అడిగింది డాక్టరమ్మ, ఊళ్ళో తెల్ల బిళ్ళలేమన్నా వాడిందా అని. అది స్టెరాయిడ్. జబ్బు తిరగబెట్టినప్పుడు అయిదు రోజులు మింగమంటుంది గైడ్‌లైన్. ఏళ్ళ తరబడి మింగితే లాభం లేదు, ఎముకలు గుల్లబారతాయి, షుగరొస్తుంది అంటుంది. ఈ ఒక్క మాట పదేళ్ళ ముందు మా పల్లె దాకా వచ్చుంటే ఆ చెయ్యి విరిగేది కాదేమో. తెల్లోళ్ళ కాయితమని దాన్ని నేనెట్టా చింపేది? అట్టాగని మా ఆరెంపీని ఎట్టా తిట్టేది? గైడ్‌లైన్ తెలిసినాయన మాయమ్మను ముట్టుకోకుండానే చీటీ రాశాడు. తెలియనాయన అర్ధరాత్రి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఈ రెంటినీ త్రాసులో వెయ్యమంటే నాకిప్పటికీ చేతకాదు.

డాక్టరమ్మ ఒక పూటంతా కూర్చోబెట్టి పీల్చడం నేర్పింది. ముందు ఊపిరంతా వదిలెయ్యాలి, గట్టిగా పీల్చాలి, పది అంకెలు లెక్కబెట్టేదాకా పట్టాలి, తర్వాత నోరు పుక్కిలించాలి. ఎందుకు పుక్కిలించాలో కూడా చెప్పింది, లేకపోతే నోరు పూస్తుందని. మాయమ్మ ఆ రోజు నుంచి పుక్కిలించడం మానలేదు. ఎందుకో తెలిసింది గదా.

అంబేడ్కర్ 1936లో రాసిన కుల నిర్మూలనలో నియమానికీ సూత్రానికీ తేడా చెప్తాడు. నియమం ఇది చెయ్యి, ఇది చెయ్యకు అంటుంది. సూత్రమైతే మంచిచెడ్డలు నువ్వే తూచుకునే పద్ధతిని ఇస్తుంది, తప్పు చేస్తే బాధ్యత నీదే అంటుంది. ఆయన మతం గురించి చెప్పాడు, నేను మందుల గురించి ఆలోచిస్తున్నాను. మనువు రాసినదానికీ ఈ గైడ్‌లైన్లకూ పోలికే లేదు. ఇవి ఏటేటా మారతాయి, తప్పని తేలితే కొట్టేస్తారు, ఎందుకు చెప్తున్నారో, ఎంత రుజువుందో పక్కనే రాస్తారు. రోగి కులం అడగవు. రాసిన చోట అవి సూత్రాలే. డాక్టరు బల్ల మీది నుంచి మా చేతికొచ్చే లోపల ఎక్కడో నియమాలైపోతాయి. కారణం మధ్యలో రాలిపోతుంది, హుకుం ఒక్కటే మా దగ్గరికొస్తుంది. గొట్టం బిళ్ళలు రెండుపూటలా, అంతే. మింగమంటే మింగుతాం.

ఇదంతా డాక్టర్ల మీద చెప్పి ఊరుకుంటే అన్యాయమవుతుంది. నేనేం చేశానో కూడా చెప్పాలి.

2020 మార్చిలో మాయమ్మను నా అద్దెకొంపకు తెచ్చుకున్నాను. గ్యాసు పొయ్యి, గాలొచ్చే గది, పొగ లేదు, నుసి లేదు. ఆ సీజనుకు గ్రేడింగుకు తీసుకున్న బయానా నేనే వెళ్ళి ఆసామికి తిరిగిచ్చేసి వచ్చాను, ఆమెను అడక్కుండా. మందులకు నెలకు పన్నెండు వందలయ్యేది. 2019 నుంచి ఆమెకొచ్చే వితంతు పింఛను 2,250. అందుకని మందుల డబ్బు నేనే ఇచ్చేదాన్ని. చలికాలం ముందు ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వేయించాను. ఊపిరితిత్తులకు కసరత్తు మంచిదని గైడ్‌లైన్ గట్టిగా చెప్తుంది. అట్టాంటి కేంద్రం మా మండలంలో యాడుంది? సాయంత్రం ఖాళీ బడి వరండాలో నడిపించేదాన్ని. జన్మంతా నడిచిన మనిషికి నడక నేర్పాను. అయినా ఫలితం కనబడింది, అబద్ధమెందుకు. రెండేళ్ళపాటు ఆసుపత్రిలో చేరే అవసరం రాలేదు. మెట్లెక్కేది. రాత్రిళ్ళు పడుకునేది.

కానీ మనిషి ముడుచుకుపోయింది. పొద్దుగూకులూ కిటికీ దగ్గర కూచునేది. "ఊపిరాడతంది గానీ ఏం జెయ్యనే దీంతో?" అంది ఒకరోజు. నేను నవ్వేసి నోట్సులు దిద్దుకున్నాను.

2021లో ఒక ఆదివారం ఆమె డబ్బాలో బిళ్ళలు లెక్కపెట్టాను. నెలాఖరుకు అయిపోవాల్సినవి సగం మిగిలున్నాయి. రెండుపూటలా పీల్చేది ఒక్క పూటే పీలుస్తోంది. నెల విడిచి నెల మందు కొని, కొనని నెల డబ్బు మా తమ్ముడి ఆటో ఫైనాన్సు కిస్తీకి పంపుతోంది. నాకు కోపం ఆగలేదు. "చెప్తే వినవా? నీకెన్నిసార్లు చెప్పాలి?" అని అరిచాను. బళ్ళో పిల్లల మీద అరిచే గొంతుతోనే. ఆమె నామొహంకేసి కాసేపు చూసింది. ఆసుపత్రిలో డాక్టరు మొహంకేసి చూసినట్టే.

"అప్పుడా డాక్టరు కాయితం మీద రాసింది ఇదేనా?" అంది.

నేను నోరెత్తలేదు. ఏడాదిన్నర ముందు నేను దాచిన మాట నా నోట్లోంచే బయటికొచ్చింది.

ఆ తర్వాత నా లెక్క తిరగబడింది. మందు లాభాన్ని శాతాల్లో చెప్తారు. నష్టంలోకి డబ్బొక్కటే రాస్తారు, అది కూడా అప్పుడప్పుడు. కొడుకు ఆటో ఫైనాన్సువాళ్ళు లాక్కుపోకుండా ఆపడం ఏ గడిలో రాయాలి? అడక్కుండా తిరిగిచ్చేసిన బయానా ఏ గడిలో రాయాలి? డెరిఫిలిన్‌లాంటి పాత మందుల గురించి గోల్డ్‌లో ఒక మాటుంది, మంచి మందులు దొరక్కపోతేనో, కొనే స్థోమత లేకపోతేనో తప్ప వాడొద్దని. అంత పెద్ద కాయితంలో ఆ స్థోమత అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మేము అక్కడ ఉన్నాం, ఆ ఒక్క మాటలో.

2021 చివర్లో ఆమె ఊరికి పోతానంది, పంపాను. తమ్ముడింట్లో గ్యాసు మీదే వండాలని, సిలిండరు డబ్బు నాదని ఒప్పందం. మందు రెండుపూటలా పీల్చాలి, కిస్తీకి డబ్బు కావాలంటే దాచకుండా అడగాలి. ఆ రెండూ ఒప్పుకుంది. గ్రేడింగు షెడ్డుకు పోవద్దంటే మాత్రం ఒప్పుకోలేదు. "బయానా తిరిగిచ్చిన్నాడు నా మొహం ఎట్టుందో నువ్వు చూళ్ళేదు" అంది. ఇప్పుడు మొహానికి గుడ్డ కట్టుకుని సీజన్లో పోతుంది. గుడ్డ ఆ నుసిని ఆపదని నాకు తెలుసు. ఊరికి పోవడంలో ఆమెది న్యాయమే. షెడ్డు విషయంలో తప్పు చేస్తోందనే నేనిప్పటికీ అంటాను, అనుకుంటూనే ఊరుకుంటాను.

గైడ్‌లైన్ మా ప్రాణం కాదు గానీ మా డబ్బు కాపాడిన రోజు కూడా ఒకటుంది. 2023 చలికాలంలో కొంచెం నలతగా ఉంటే తమ్ముడు కంగారుపడి టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వేలికి పెట్టిన మిషనులో 91 చూపించింది. ఇంటికి ఆక్సిజన్ మిషను కొనమన్నారు, నలభై అయిదు వేలు. రోజుకు 15 గంటలు పెట్టుకోవాలన్నారు. తమ్ముడు ఆటో తాకట్టు పెడతానన్నాడు. నేను కాయితం మీద లెక్కేశాను. 350 వాట్ల మిషను, 15 గంటలు, 30 రోజులు. 157 యూనిట్లు. ఎస్సీ కాలనీల్లో 200 యూనిట్ల దాకా ఉచితమని 2019లో ప్రభుత్వం చెప్పింది గానీ ఫ్యాను, బల్బులు, టీవీ కలిస్తే ఆ గీత మీదే నిలబడాలి. ఆ గొట్టానికి కట్టుబడి రోజులో పదిహేను గంటలు గోడవారన కూచోవాలి. ఏమీ తోచక డాక్టరమ్మకు ఫోన్ చేశాను. నలత తగ్గాక, కదలకుండా కూచున్నప్పుడు 88 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటేనే ఇంటి ఆక్సిజన్ ఆయుష్షు పెంచుతుందని, దానికి 1980, 81 నాటి రుజువులున్నాయని, అంతకంటే కాస్త పైన ఉన్నవాళ్ళకు పెద్ద ప్రయోజనం లేదని 2016లో తేలిందని చెప్పింది. నెల తర్వాత చూస్తే మాయమ్మకు 93. ఆటో తాకట్టు తప్పింది. బీదవాళ్ళకు ఇది కావాలి అని చెప్పే కాయితాలు చాలానే ఉన్నాయి. ఇది అక్కర్లేదు అని రుజువుతో చెప్పే కాయితం మా చేతికి రావడం నాకు తెలిసి అదే మొదలు. తాకట్టు తప్పిన సంతోషంలో తమ్ముడి వంటగదికి ఒక కిటికీ పెట్టించాం.

2025 జనవరిలో మళ్ళీ తిరగబెట్టింది. రాత్రి పదకొండింటికి తమ్ముడు ఆరెంపీనే పిలిచాడు. ఆయన ఇప్పుడు నెబ్యులైజరు తెచ్చుకున్నాడు. తెల్ల బిళ్ళలు ఎన్ని రోజులివ్వాలని నాకే ఫోన్ చేసి అడిగాడు, "టీచరమ్మా" అని. నేను డాక్టరమ్మనడిగి అయిదు రోజులేనని చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను, మాయమ్మకూ ఫోన్ ఇప్పించి మణికట్టు సంగతి గుర్తుచేశాను. ఆమె బొగ్గుతో గోడ మీద అయిదు గీతలు గీసుకుని రోజుకొకటి కొట్టేసిందంట.

ఆరో రోజు పొద్దున ఆయనొచ్చి, ఇంకా పిల్లికూతలున్నాయి, ఇంకో నాలుగు రోజులేసుకోమన్నాడంట. మా తమ్ముడు బళ్ళో ప్రేయరు టైముకు ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మ గోడ చూపిచ్చి అయిదే అంటంది. ఆరెంపీ మాట వినడంలా."